లోపలికి రానా, బాయీ?

మా బడి గుమ్మం దగ్గర ఒక చట్టం ఉండేది. దాన్ని పెట్టింది మా పెద్ద టీచరమ్మ మిసాళ్ బాయి. ఆలస్యంగా వచ్చినా, నీళ్ళు తాగి వచ్చినా, పిల్లలెవరైనా సరే గడప బయట నిలబడి "లోపలికి రానా, బాయీ?" అని అడగాలి. బాయి "రా" అంటే రావాలి. "వద్దు" అంటే వరండాలో కూర్చోవాలి. రెండోసారి అడగకూడదు. అడిగితే ఆ పూటంతా వరండాలోనే. గడప దగ్గర అడగడం మా మరాఠ్వాడా బళ్ళన్నింటిలో ఉన్న మర్యాదే కానీ, రెండోసారి అడగకూడదన్న ముక్క మాత్రం బాయి సొంతం. పసిపిల్లల మీద అంత పంతమేమిటని ఒకసారి అన్నాను. "మీ తరగతి సంత లెక్క ఉంటది గురూజీ. నా తరగతి అట్ల ఉండది" అంది. నా తరగతి సంతే, కాదనను.

ఖడకవాడి బడిలో మేమిద్దరమే. ఒకటి నుంచి మూడు దాకా నావి, నాలుగూ ఐదూ ఆవిడవి. నా పేరు దేవకతె. వయసులో నేను పెద్ద, హోదాలో ఆవిడ పెద్ద, నోట్లో ఇద్దరం సమానం.

దసరా వెళ్ళిందంటే మా ఊరు ఖాళీ అవుతుంది. చెరకు కొట్టడానికి సాంగ్లీ, కొల్హాపూర్ వైపు ఫ్యాక్టరీలకు పోతారు జనం. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక కత్తి లెక్క. కూలీలను కుదిర్చే ముకద్దం మనుషుల్ని లెక్కపెట్టడు, కత్తుల్ని లెక్కపెడతాడు. పిల్లలు గిన్నెలతోపాటు, మేకలతోపాటు ట్రాక్టరెక్కుతారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు, చదివిందంతా అక్కడే చెరకాకుతోపాటు తగలబెట్టి. నేను కొన్నేళ్ళు కోప్పడ్డాను, కొన్నేళ్ళు బతిమాలాను, ఆ తర్వాత అలవాటు పడిపోయాను. బాయి అలవాటు పడలేదు.

ఆ ఏడు ఐదో తరగతిలో రుతుజ ఉంది. నా దగ్గర ఒకటో తరగతిలో ఉన్నప్పుడే పక్కవాడు లెక్క తప్పుచేస్తే కడుపునొప్పి వచ్చినట్టు మొహం పెట్టేది. ఐదో తరగతి పిల్లలకు జనవరిలో జిల్లా హాస్టల్ బడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. సీటొస్తే పెద్ద చదువు దాకా తిండి, మంచం, పుస్తకాలు అన్నీ అక్కడే. ఇక ట్రాక్టరెక్కే పనిలేదు. రాకపోతే, మా ఊరి ఆడపిల్లల సంగతి నాకు తెలుసు. రెండేళ్ళు తమ్ముళ్ళను ఎత్తుకుంటారు, మూడో ఏడు వాళ్ళ చేతిలోనే కత్తి ఉంటుంది, ఆపైన పెళ్ళి. ఆ పరీక్ష జన్మకు ఒక్కసారే రాయనిస్తారు. బాయి రుతుజ పేరు ఇచ్చేసింది.

ఊళ్ళో ఉండిపోయే పిల్లలకు సీజను హాస్టల్ లేకపోలేదు. కానీ రుతుజ తల్లి మీరాకు పాలుతాగే పిల్లాడున్నాడు, సోన్యా. మీరా చెరకులో వంగితే వాణ్ణి ఎత్తుకోవడానికి రుతుజ తప్ప ఎవరూ లేరు. బయలుదేరే ముందురోజు బాయి వాళ్ళ గుడిసెకు నడిచింది. తోడుగా నేనూ వెళ్ళాను, మజా చూద్దామని.

"పిల్లను తీస్కపోవద్దని అంటలేను అంకుశ్," అంది బాయి రుతుజ తండ్రితో. "తీస్కపో. బడే దాని వెంబడి వస్తది, నీ ఫోన్ల. పొద్దుమూకినంక జరసేపు ఫోన్ దాని చేతుల పెట్టు, చాలు."

అంకుశ్ తల గోక్కున్నాడు. "నా ఫోన్ల బడి ఏడ పడతది బాయీ? మా బామ్మర్ది డ్యాన్సులకే జాగ సాలుతలేదు."

"మీ బామ్మర్దిని తీసెయ్."

పొయ్యి దగ్గర మీరా కిసుక్కుమంది. "తియ్యుండ్రి బాయీ, జల్ది తియ్యుండ్రి" అంది.

బాయి ఉత్తమాట చెప్పలేదు. వానాకాలమంతా కూర్చుని ఆన్‌లైన్‌లో ఒక ఫోల్డర్ కట్టింది. కట్టింది అనే అనాలి, ఇల్లు కట్టినట్టే కట్టింది మరి. తరగతికో గది, అందులో సబ్జెక్టుకో అర, అరలో పాఠానికో పెట్టె. పెట్టెలో బొమ్మ, పాఠం చదివిన గొంతు, అభ్యాసాల కాగితం, జవాబులు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు. మా ఇంట్లో పప్పుల డబ్బాలకు కూడా అంత వరస లేదని మా ఆవిడకు చెప్పి తిట్లు తిన్నాను.

దానికి తాళం కూడా వేసింది. దానికో కథ ఉంది. అంతకుముందు ఏడాది బాయి తన అభ్యాసాల కాగితాలను అందరికీ పనికొస్తాయని తెరిచి పెట్టింది. దీపావళి నాటికి అవి సంతలో గైడు రూపంలో కనిపించాయి, అట్ట మీద ఎవడో మీసాలాయన ఫోటోతో. ఆ గైడు ఒకటి కొని బల్ల సొరుగులో పెట్టుకుంది. కోపం చల్లారినప్పుడల్లా తీసి చూసుకునేది. అందుకని ఈసారి ఒక్కో పిల్లకూ ఒక్కో ఈమెయిల్ తయారుచేసి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి, పుస్తకం అట్ట లోపల అంటించింది. ఆ పేర్లవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఫోల్డర్ తెరుచుకోదు.

ట్రాక్టర్లు వెళ్ళిపోయాయి. లింకులు వెళ్ళాయి. బాయి చూస్తూ కూర్చుంది. ఎవరూ రాలేదు.

వచ్చింది ఒక్కడే. 'జై మల్హార్ మొబైల్స్ మీ ఫోల్డర్ చూడటానికి అనుమతి కోరుతున్నారు' అని బాయి ఫోన్‌లో పడింది. నిమ్‌గావ్ సంతలో ఆ దుకాణం మా అందరికీ తెలుసు.

"సూశిండ్రా గురూజీ? వాసన పట్టిండు. మళ్ళ గైడు ఏస్తడు" అని బాయి 'వద్దు' నొక్కింది. మర్నాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దు. ఒక్కోరోజు నాలుగైదుసార్లు అడిగేవాడు. సిగ్గన్నది లేదు. ముందురోజు వచ్చి పడి ఉన్నవాటికి, బాయి తరగతిలో ఉంటే, ఆ 'వద్దు' నేను నొక్కేవాణ్ణి. దొంగ మొహాన తలుపు వేయడంలో సుఖం ఉంటుంది, అబద్ధమెందుకు!

అంకుశ్‌కు ఫోన్ చేస్తే కలిసేది కాదు. పగలు ఫోన్ ఆపి ఉంచుతాడు, సాయంత్రం ట్రాక్టర్ బ్యాటరీ మీద ఛార్జి అయ్యేసరికి సిగ్నల్ ఉండదు. నవంబర్ గడిచిపోయింది. పిల్లలు వదిలేసిన బెంచీల వైపు చూస్తూ బాయి రొట్టె తినడం మానేసింది. "తలుపు తెరుసుకోని కూసున్న గురూజీ. ఒక్కరన్న తొంగి సూడలే. రుతుజ గూడ. అది గూడ మర్శిపోయింది" అంది ఒకరోజు. ఆవిడ గొంతు అలా జారడం నేనెప్పుడూ వినలేదు. ఏదో ఒకటి అనాలని, "ఆ దొంగోణ్ణన్న పోయి దులుపుదాం పా, మనసు తేలికైతది" అన్నాను.

సంతరోజు బడి అయ్యాక నా బండి మీద నిమ్‌గావ్ వెళ్ళాం.

దుకాణం దత్తూది. వాడు నా దగ్గరే చదివాడు. చదివాడని మర్యాదకు అంటున్నాను. మూడో తరగతిలో ఆఖరి వరసలో కూర్చుని కళ్ళు తెరిచి నిద్రపోయేవాడు. నన్ను చూడగానే బల్ల దాటి వచ్చి కాళ్ళకు దండం పెట్టబోయాడు. బాయి మధ్యలోకి వచ్చింది.

"పిల్లల పాఠాలు నీకెందుకురా? ఈపాలి అట్ట మీద ఎవని ఫోటో ఏస్తవ్? నీదా?"

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకుంటారు. వీడు తడుముకోలేదు, తెల్లమొహం వేశాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"ఏం పాఠాలు బాయీ? సదువుకునే టైంలనే సదవలే, ఇప్పుడు సదువుతనా? గురూజీని అడుగుండ్రి."

"అది మాత్రం నిజమే" అన్నాను.

బాయి ఫోన్ వాడి ముక్కు కింద పెట్టింది. దత్తూ చూశాడు, పైకీ కిందికీ జరిపాడు, నాలుక కరుచుకున్నాడు. "ఈమెయిల్ నాదే బాయీ. గాని అడిగింది నేను కాదు."

"మరి నీ దయ్యమా?"

"నా గిరాకీలు." వాడు గొంతు తగ్గించాడు. "దసరా ముంగట సూడాలె మీరు, ఫోన్ల కోసం గీ సడక్ దాక లైను. ఈమెయిల్ ఏస్తెగాని ఫోన్ సురువే కాదు. వాళ్ళకు ఈమెయిల్ అంటె ఏందో ఎరుకలేదు. ఒక్కొక్కనికి కొత్తది చేస్కుంట కూసుంటె బయట ట్రాక్టరోడు హారన్ కొట్టి సంపుతడు. అందుకని అందరి ఫోన్లల్ల నాదే ఏసిన."

"అందరియా?"

"అందరియి. ఇప్పుడు వాళ్ళు ఏది తెరిసినా నా పేరే పడతది. వాళ్ళు తీసుకునే ఫోటోలన్ని నా దాంట్లకే వస్తయ్. జిల్లాల ఎవల మేక ఈనినా ముందుగాల నాకే తెలుస్తది బాయీ, మా ఇంటిదానికి గూడ యాష్టకొచ్చింది."

నమ్మించడానికి ఫోటోలు తీసి వేలితో తోశాడు. ఎద్దులు. చెరకు బండి. నోరు తెరిచి నిద్రపోతున్న ఎవరిదో అత్త. మళ్ళీ ఎద్దులు. బాయి చటుక్కున వాడి చెయ్యి పట్టుకుంది. చెరకాకు గుడిసె ముందు రుతుజ కూర్చుని ఉంది. ఒళ్ళో సోన్యా, సోన్యా కాళ్ళ మీద పుస్తకం. అట్ట తెరిచి ఉంది. చీటీ కనబడుతోంది.

బాయి తన ఫోన్ తీసుకుని ఆ అభ్యర్థనలన్నీ మొదటి నుంచీ చూసింది. అన్నీ పొద్దుగుంకాక వచ్చినవే. "ఆ యాళకు నేను షటర్ దించి ఇంటికాడ రొట్టె తింట" అన్నాడు దత్తూ, ఎవరూ అడక్కుండానే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం. మేము చంకలో ఉన్న పిల్లను తోసేసి మరీ వెతికాం.

బయటికి వచ్చి బస్టాండు బెంచీ మీద కూర్చున్నాం. ఇంటికి పోదామంటే బాయి లేవలేదు. అంకుశ్ ఫోన్ మోగే దాకా కదలనంది. చీకటి పడుతుండగా మోగింది. అంకుశ్ ఏదో అనేలోపే, "పిల్లకియ్యి" అంది.

"బాయీ," అంది రుతుజ. వెనక సోన్యా ఏడుస్తున్నాడు.

"పాఠాలు ఎందుకు తెరవలేవే?" అలవాటైన గదమాయింపే వచ్చింది బాయి నోట్లోంచి.

"అడిగిన బాయీ. ఈడికొచ్చిన రోజే అడిగిన. మీరు వద్దన్నరు."

"అన్ననే అనుకో. మళ్ళ ఎందుకు అడగలే?"

సోన్యా ఏడుపు దగ్గరైంది, వాణ్ణి చంకకెత్తుకున్నట్టుంది.

"రెండోసారి అడగొద్దు కద బాయీ," అంది రుతుజ. "బయటనే కూసున్న."

నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి సంతలో ఏడవడమేమిటని కండువాతో మొహం తుడుచుకున్నాను. ఊరొదిలిన మా పిల్లలంతా అడిగింది ఆ ఒక్క పేరుతోనే; ఆ 'వద్దు'లలో ఏది ఆ పిల్లదో, అది ఆవిడ వేలు నొక్కిందో నా వేలు నొక్కిందో ఎప్పటికీ తెలియదు. బాయి మాత్రం ఏడవలేదు. "తప్పు నాది. నీది కాదు. రేపు పొద్దుమూకినంక మళ్ళ తెరువు" అని ఫోన్ పెట్టేసి, విసవిసా దత్తూ దుకాణానికి నడిచింది. వాడు షటర్ సగం దించి ఉన్నాడు.

"పిల్లల పేర్లు ఇక్కడికెల్లి వాళ్ళ ఫోన్లల్ల ఏయొస్తదా?"

"రాదు బాయీ. ఫోన్ చేతుల ఉండాలె." దత్తూ నసిగాడు. "ఒక్కటే తొవ్వ. నాకు పర్మిషన్ ఇయ్యుండ్రి. నాకు తెరిస్తె వాళ్ళకు తెరుసుకుంటది. గాని అందరికంటె అందరికే. నేను ఫోన్ అమ్మిన ప్రతోనికి. రేపు ఎవడన్న గైడు ఏసుకుంటె నన్ను అనొద్దు."

బాయి ఆలోచిస్తుందనుకున్నాను. ఆలోచించలేదు. "ఏసుకోని. అమ్ముకోని. అట్ట మీద వాని తాత ఫోటో ఏసుకోని" అని నొక్కేసింది.

తలుపు తెరవగానే పని అయిపోలేదు. రెండు రోజులకు రుతుజ ఫోన్ చేసింది. ఒక గది తెరిచి, అర తెరిచి, పెట్టె తెరిచేసరికి సిగ్నల్ పోతోందట, లేదా తండ్రికి ఫోన్ కావలసి వస్తోందట. ముందు నేల అలకాలి, రొట్టెలు చేయాలి, తమ్ముణ్ణి పడుకోబెట్టాలి, ఆ తర్వాతే ఫోన్. బాయి మర్నాడు వానాకాలం కట్టిన ఇంటినంతా పడగొట్టింది. రంగులు పోయాయి, అరలు పోయాయి. అన్నింటికీ పైన ఒకే ఒక ఫోల్డర్ పెట్టింది, 'ఇయ్యాల' అని పేరు పెట్టి. అందులో ఒక్క పాఠం, ఒక్క గొంతు, ఒక్క కాగితం. రేపు పాతది వెనక్కి, కొత్తది ముందుకి. అలా పడగొడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడకేం అనిపించలేదు, లేదా అనిపించినా చెప్పలేదు.

"లెక్కలు మీరు చెప్పుండ్రి గురూజీ," అంది.

"నా గొంతు ఇంటె పిల్లలు జడుసుకుంటరు."

"సగం సీజన్ ఆగమైంది. జడుసుకోని."

నేను చెప్పిన మొదటి లెక్కలో బడి గంట, ఒక మేక, ఖిచిడీ వండే అవ్వ దగ్గు కూడా ఉన్నాయి. బాయి అలాగే పెట్టేసింది. బండికి ఇన్ని మోపులు, రోజుకు ఇన్ని బండ్లు అని చెరకుతోనే చెప్పాను. రెండో రోజే అంకుశ్ గొంతు వచ్చింది వాట్సాప్‌లో. "గురూజీ, మీ బండిల మోపులు మస్తు తక్కువేసిండ్రు. గట్ల ఏస్తె ముకద్దం తంతడు." దాని వెనకాలే రుతుజ గొంతు, జవాబు చెబుతూ. సరైన జవాబే.

ఆ రోజు నుంచి బాయి ఒక్క రోజు తప్పలేదు. ఆదివారం తప్పలేదు. జ్వరంతో గొంతు బొంగురుపోయినా తప్పలేదు. అన్న కూతురి పెళ్ళిలో మండపం వెనక వంటపాత్రల మధ్య నిలబడి భిన్నాల పాఠం చెప్పింది. బ్యాండువాళ్ళను ఆగమని ఈవిడ గదమాయించడం ఆ పాఠంలో ఇప్పటికీ వినబడుతుంది. మాట ఇచ్చి పంపిన పిల్లను బయట కూర్చోబెట్టాను, ఇప్పుడు నాకు కూర్చునే హక్కు లేదు అనేది. నాకు మాత్రం ఏం హక్కుంది? కిక్కురుమనకుండా లెక్కలు చెప్పాను.

అభ్యాసాల కాగితం అడుగున ఉన్న బాయి నంబరుకు అప్పుడు మొదలయ్యాయి ఎవరివో ఫోన్లు. "బాయీ, ఇయ్యాలటిది ఇంక రాలే." బాయి "ఎవరే నువ్వు?" అనేది. ఒకడు ధారూర్ వైపు వాడు, ఒకతె అంబాజోగాయి వైపు పిల్ల. మేమెన్నడూ చూడని పిల్లలు, ఎక్కడెక్కడి చెరకు తోటల్లోనో ఉన్నవాళ్ళు, దత్తూ అమ్మిన ఫోన్లలోంచి మా తలుపు తోసుకుని వచ్చి కూర్చున్నారు.

"నీది ఏ బడిరా?" అని బాయి ఒకణ్ణి అడిగింది.

"బడి లేదు బాయీ. ఇదే."

బాయి ఆ రోజు పాఠం ఇంకా తొందరగా పెట్టేసింది. సొరుగులో ఉన్న గైడు ఖిచిడీ అవ్వకు ఇచ్చేసింది, పొయ్యి రాజేసుకోవడానికి.

రుతుజ సీటు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, నాకు దాచిపెట్టి ఊరించడం రాదు. వచ్చింది. ఇప్పుడు ఆ హాస్టల్ బడిలో ఏడో తరగతి చదువుతోంది. అక్కడి అన్నం బాగాలేదని ఉత్తరాలు రాస్తుంది. కానీ నాకు గుర్తున్నది ఫలితం వచ్చిన రోజు కాదు, పరీక్ష రోజు.

అంకుశ్‌ను పిల్లతో పరీక్షకు రావడానికి ఒక్కరోజైనా వదలనని ముకద్దం మొండికేశాడు. బాయి ఫోన్‌లో వాడితో ఏం మాట్లాడిందో నేను వినలేదు, తలుపు బయటికి పంపేసింది నన్ను. బయటికి వచ్చి, "ఒప్పుకున్నడు" అంది. పరీక్ష పొద్దున తాలూకా ఊళ్ళో కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాం. పిల్లలు తోసుకుంటుంటే ఊరుకోలేక, "లైన్ల నిలబడుండ్రిరా, చెరకు మోపులా మీరు?" అని అరిచాను. ఎవరెవరో తలలు గిరుక్కున తిప్పారు. చిరుగు స్వెట్టర్ వేసుకున్న ఒక పిల్ల, "ఏయ్, 'ఇయ్యాల' గురూజీ!" అని కేక పెట్టింది. ఆ పిల్లను నేను జన్మలో చూడలేదు. చుట్టూ మూగి నవ్వారు.

రుతుజ బస్సు ఆఖరుకు వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయి దిగింది, చంకలో సోన్యా, వెనక అంకుశ్. మీరా కత్తి దగ్గరే ఉండిపోయిందట. బాయి పిల్లాణ్ణి లాక్కుని తన భుజాన వేసుకుంది. వాడు వెంటనే ఆవిడ కొత్త చీర తడిపాడు. "తడపనీ, పో నువ్వు, టైమైతుంది" అంది బాయి.

రుతుజ హాల్ టికెట్ పట్టుకుని పరుగెత్తింది. మిగతా పిల్లలంతా లోపలికి పోయారు. గేటు దగ్గరి మనిషి రమ్మని చెయ్యి ఊపాడు. రుతుజ గడప దగ్గర ఆగిపోయింది. రెండు కాళ్ళూ దగ్గరపెట్టి నిలబడి, వెనక్కి తిరిగి బాయిని చూసింది. అలవాటు.

"లోపలికి రా..."

"అడగకు!" బాయి అరిచిన అరుపుకు సోన్యా ఉలిక్కిపడ్డాడు. వాణ్ణి రెండు చేతులా అదుముకుని, ఏడుస్తూ అంది. "నన్నూ అడగకు, ఎవల్నీ అడగకు. పో బిడ్డా. పో లోపలికి."